అత్త అలికిన పొయ్యి

మొన్న వేసవిలో గాజువాక అవతల కాలనీలో ఉన్న మా ఇంటికి వెల్ల వేయించాను. ఇప్పుడెవరూ సున్నం వేయరు, అందరూ డబ్బాల్లో వచ్చే రంగులే. అయినా కొనడానికి వచ్చేవాళ్ళకి గోడల మీద చెమ్మ మరకలు కనపడకూడదని, చవకలో పని అయిపోతుందని సున్నమే కలిపించాను. బకెట్లో నీళ్ళు పడగానే సున్నం బుసబుసా పొంగి, ఆ ఘాటు వాసన ఇల్లంతా పట్టేసరికి నేను బయటికొచ్చి గుమ్మం మెట్టు మీద కూలబడ్డాను. నా భార్య పంపితే, ఇల్లు చూపించడానికి ఎవరినో వెంటబెట్టుకొచ్చిన మా బావమరిది నవ్వాడు. "ఏటి బావా, సున్నానికే కళ్ళు తిరిగిపోతే రేపు సంతకమెలాగ పెడతావు?"

ఆ ఇంటిని ఏం చేయాలన్నది ఆర్నెల్లుగా తేలడం లేదు. మా అమ్మాయి రుషికొండ దగ్గర కంప్యూటరు ఆఫీసులో పనిచేస్తుంది కాబట్టి మేం అటువైపే అద్దె ఫ్లాటులో ఉంటున్నాం. ఈ ఇల్లు అమ్మేసి అక్కడే సొంతంగా రెండు గదులు కొనుక్కుందామని నా భార్య పట్టు. అచ్యుతాపురం కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళకి గదికి నలుగురు చొప్పున అద్దెకిచ్చేయమని బావమరిది సలహా. ఉన్న కాంట్రాక్టు పని పోయి ఇంట్లో కూర్చున్న నాకు మాత్రం ఎవరికీ మొహం చూపించకుండా ఆ ఇంట్లోకే వెళ్ళి పడుండాలని ఉంది. ఈ మూడింటిలో ఏది చేయాలన్నా ముందు ఆ ఇంటి వెనక పోర్షన్‌లో ఉన్న మా మేనత్త నరసమ్మ సంగతి తేలాలి. ఆమెకి డెబ్బై దాటి చాలా ఏళ్ళయింది. ఆమె పేరున ఈ భూమ్మీద ఒక్క కాగితం ముక్క లేదు. ఎందుకు లేదో మా చుట్టాలందరికీ ఒక కథ తెలుసు. ఆ కథ తప్పు. అది తప్పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఉక్కు ఫ్యాక్టరీ రాకముందు మా ఊరు సముద్రానికి దగ్గరగా, సరుగుడు తోటలకీ జీడితోటలకీ మధ్య ఉండేది. పడుకుంటే చెవిలో హోరు వినపడేది గానీ అది కెరటాలదో సరుగుడు ఆకులదో పెద్దవాళ్ళు కూడా తేల్చి చెప్పలేకపోయేవారు. ఎండాకాలం జీడిపళ్ళ రసం కారి మా చొక్కాలన్నీ మరకలు, ఆ మరకలు ఎన్ని ఉతుకులకీ వదలక చొక్కా చిరిగేదాకా ఉండిపోయేవి. తొలకరికి ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెల్లో దాచి, మర్నాటికి అవి చచ్చిపోతే ఏడ్చి, మళ్ళీ పట్టేవాళ్ళం. చలికాలం పొద్దున్నే కాల్చిన తేగలు నములుతూ ఎండలో గోడకి వీపులానించి కూర్చునేవాళ్ళం. పొద్దుటిపూట ఇంటింటా చోడి అంబలి, అదే రాగి అంబలి, నంజుకోవడానికి నిప్పుల మీద కాల్చిన నెత్తళ్ళ ఎండుచేపలు, అవి లేని రోజున పచ్చి ఉల్లిపాయ.

మా ఇంట్లో అంబలి రెండు పొయ్యిల మీద కాగేది. అత్తకి పెళ్ళయిన రెండో ఏడే మొగుడు వదిలేసి పోతే పుట్టింటికి వచ్చేసింది. మా నాయనమ్మ బతికున్నంత కాలం అందరిదీ ఒకటే వంట. ఆవిడ పోయాక అమ్మకీ అత్తకీ ఉప్పు దగ్గరా పులుపు దగ్గరా మాటలు పెరిగి, అత్త తూర్పు పంచలో ఎర్రమట్టితో తన పొయ్యి తను వేసుకుంది. జీడితోటల్లో కూలికి వెళ్ళి, తన గింజలు తను తెచ్చుకుని, తన కుండ తను దించుకునేది. నేను మాత్రం రెండు చోట్లా తిని, రాత్రి అత్త పక్కలో పడుకునేవాణ్ణి. ఆమె చీరకి పొగవాసన, ఆమె చేతికి జీడిపాలు తగిలి పొక్కిన మచ్చలు. ఆ గరుకు చెయ్యి వీపు మీద పడితే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు.

ఉగాది ముందు కొత్త అమావాస్య పండగ వస్తోందంటే ఊరంతా సున్నం వాసన. గోడలకి వెల్ల, అరుగులకి ఎర్రమట్టి, గడపలకి పసుపు. అన్నిటికన్నా ముఖ్యం పొయ్యి. పండగ ముందురోజు పొయ్యిలో బూడిద చిటికెడు మిగలకుండా ఎత్తి పెంట మీద పోసి, లోపలా బయటా పేడతో అలికి, ఆరాక బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, మళ్ళీ పండగ తెల్లవారుజామున బూరెల మూకుడు ఎక్కేదాకా అందులో నిప్పు వేయకూడదు. అందరూ ఆ పని పొద్దు వాలాక చేసుకునేవారు, వంటలవీ అయిపోతాయి కనక. అత్త ఒక్కతే తెల్లారకుండా ముగించి, ఆ పూటంతా చద్ది తినేది. "అమ్మోరు పొద్దుటే వొచ్చీసి సూత్తే?" అనేది. అమ్మ మూతి తిప్పుకునేది. "వొచ్చి నీ పొయ్యే సూత్తాదేటి, వొదినా? ఊళ్ళో యింకేటీ నేవా?"

ఫ్యాక్టరీకి మా ఊరు పోతుందన్న మాట ఖాయమయ్యాక, ఇళ్ళు పోయిన కుటుంబానికొక కార్డు ఇస్తారనీ, ఆ కార్డుకి కాలనీలో ఇంటిస్థలం, అదృష్టం బాగుంటే ఒక ఉద్యోగం కూడా వస్తాయనీ చెప్పుకున్నారు. కుటుంబమంటే ఏమిటని ఎవరో అడిగితే, పొయ్యి వేరైతే కుటుంబం వేరని ఎవరో అన్నారట. అంతే, ఊళ్ళో పొయ్యిలు పుట్టాయి. పశువుల సాలల్లో, అరుగుల కింద, పాడుబడిన గోడల పక్కన, చివరికి ఒకాయన కోళ్ళగూడు పీకేసి అక్కడ కూడా పొయ్యి వేసి, కొత్త మట్టి కనపడకుండా గడ్డి మంటలు పెట్టి మసి పట్టించాడు. పెళ్ళికాని అన్నదమ్ములు పక్కపక్కనే రెండు కుండలు పెట్టుకుని, చుట్టాలు కనపడితే పగలబడి నవ్వేవారు. ఊరంతటిలో నిజంగా వేరు పొయ్యి ఉన్న ఆడమనిషి మా అత్త ఒక్కతే.

కుటుంబాలు లెక్క రాసుకునే సర్వే వాళ్ళు పండగ వెళ్ళాక వస్తారని దండోరా వేశారు. కానీ వాళ్ళు పండగ ముందురోజు పొద్దున్నే వచ్చేశారు. ఆ మాట వీధి ఆ చివరనుంచి ఈ చివరికి పాకేసరికి ప్రతి పొయ్యిలోనూ మంట రేగింది, ఊరంతా పొగ కమ్ముకుంది. నాన్న ఊరి పెద్దలతో ఉన్నాడు. అమ్మ నూతి దగ్గరుంది. అత్త తన పొయ్యి అలికి, ముగ్గు పెట్టి, సరుగుడు ఆకు ఊడ్చి తేవడానికి తోటకి వెళ్ళింది. తూర్పు పంచలో నేనొక్కణ్ణే ఉన్నాను. నాకు తొమ్మిదేళ్ళు.

పుస్తకం పట్టుకున్నాయన వంగి ఆ పొయ్యి చూశాడు. తెల్లటి ముగ్గు, పక్కన రెండు బంతిపూలు. "ఇదెవరిదిరా?" అన్నాడు. అంతకుముందు వారమే అమ్మ పొరుగామెతో అనడం విన్నాను, కార్డు రాగానే అత్త దాని యిల్లు అది కట్టుకుని పోద్ది, మన పీడ పోద్దని. అత్త ఎక్కడికి పోతుందో, ఆ ఇంట్లోకి నన్ను రానిస్తారో లేదో నాకు తెలీదు. నేను ఆయన మొహంలోకి చూసి, "దేముడి పొయ్యి బాబూ. పండక్కి బూరెలొండుతారు. అత్త మాకాడే తింతాది," అన్నాను. ముగ్గు నా మాటకి సాక్ష్యం పలికింది. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు.

మసి పూసిన దొంగ పొయ్యిలకి కార్డులు వచ్చాయి. కోళ్ళగూటి పొయ్యికీ వచ్చింది. అత్తకి రాలేదు. బూడిద లేని పొయ్యిని చూసి, వాడని పొయ్యి అనుకుని లెక్కలోంచి కొట్టేశారని ఆమె తనకి తనే చెప్పుకుంది, ఊరూ అదే అంది. పైడితల్లి అని మా వీధిలో ఒకావిడ ఉండేది, నోరు గట్టిది. ఆవిడ ఆడపిల్లల్ని మందలించినప్పుడల్లా, "నరసమ్మలాగ అలుక్కొని కూకోకండే, ఉన్నది పోతాది," అనేది. ఊరు ఖాళీ అయి, కాలనీలో నాన్న కార్డు మీద వచ్చిన స్థలంలో ఇల్లు కట్టాక కూడా ఆ మాట బతికే ఉంది. అత్త మా వెనక గదిలో, తమ్ముడి దయ మీద ఉన్నదానిలా గొంతు తగ్గించుకుని బతికింది. మళ్ళీ ఏ కొత్త అమావాస్యకీ ఆమె పొయ్యి అలకలేదు. బూడిద అలా ఉంచి దాని మీదే వండేది.

తొమ్మిదేళ్ళవాడు భయపడి ఆడిన అబద్ధం కోసం నేనిది రాయడం లేదు. నాన్న పోయాక ఇల్లు నా పేరున మారిన రోజు, కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు, ఇలాంటిదే ఇంకో ఇల్లు అత్తకి ఉండాల్సిందని నాకు స్పష్టంగా తెలిసింది. ఆ సాయంత్రమే చెప్పి ఉండొచ్చు. చెబితే సగం అడుగుతుందేమోనన్న లెక్క ఒకటి లోపల మెదిలింది. ఆ లెక్కతోనే దాదాపు ముప్పై ఏళ్ళు నోరు మూసుకున్నాను.

వెల్ల వేసిన మర్నాడు వెనక గదిలోకి వెళ్తే అత్త తన రేకుపెట్టె సర్దుకుని మంచం మీద పెట్టుకుని ఉంది. సింహాచలం దారిలో ముసలాళ్ళని ఉంచుకునే చోటేదో ఉందని ఎవరో చెప్పారట. "అమ్ముకోరా. నాకోసం సూడకు. నా యిల్లు నాను సేతులారా అలుక్కున్నాను, యింక నీ దాని మీద నాకేటి?" అంది. ఆ మాటకి నేను నేల మీద కూర్చుండిపోయి, సర్వే ఆయన అడిగిందీ నేను చెప్పిందీ మొత్తం చెప్పేశాను.

రేకుపెట్టె మీద చెయ్యి వేసి, "గుంటడివి. నీకేటి తెల్సు," అంది. నాకు ఊపిరి వచ్చింది. అంతలోనే, "పెద్దోడివయ్యేకా తెలీలేదా?" అని అడిగింది.

"తెలిసింది అత్తా."

"ఎప్పుడు?"

"నాన్న పోయేక."

ఆమె నన్ను ఎన్నడూ చూడని చూపు చూసింది. "మరయితే ప్రతేడూ పండక్కి నాను పొయ్యి ముట్టుకోడానికి భయపడి సత్తంటే, పక్కనే కూకొని బూరెలు తిన్నావు కదరా."

ఇల్లు ఆమె పేరున రాస్తానన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. వేలిముద్ర వేయనంది. "ఎన్నాళ్ళుంతాను, నాకెందుకు యిల్లు? ఊరోళ్ళకి సెప్పు. నరసమ్మ పొయ్యి తప్పు కాదని ఒక్కొక్కళ్ళకీ ఎల్లి సెప్పు," అంది. నా భార్య నాతో మాటలు మానేసింది. కొంటానన్నవాడు వేరే స్థలం చూసుకున్నాడు. ఆమె వేలిముద్ర వేయదు, నా సంతకానికి నాకే చేయి రాదు. ఆ ఇల్లు ఇప్పుడు అమ్మకానికీ లేదు, అద్దెకీ లేదు. వెళ్ళి ఉందామంటే ఆమె ఎదుట పడలేను.

చెప్పడానికి బయలుదేరితే ఊరు లేదు. ఊరున్న చోట పెద్ద గోడ, గోడ అవతల పొగగొట్టాలు. దొంగ పొయ్యిల వాళ్ళు చాలామంది పోయారు. పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు, వాళ్ళకి ఊరిపేరే సరిగ్గా తెలీదు. చివరికి ఎలమంచిలిలో కూతురింట్లో పైడితల్లి ఉందని తెలిసి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. "ఏ నరసమ్మ బాబూ? పొయ్యా? యిప్పుడు గేసే కదా అందరికీ," అంది.

తిరిగొచ్చేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది. "సెప్పేవా? ఏటన్నాది?"

తప్పయిపోయిందని ఏడ్చిందత్తా అని చెప్పేయాలనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "గుర్తు లేదంది," అన్నాను.

"దానికెందుకుంతాది. పడ్డదాన్ని నాను." గుమ్మం పక్కకి తప్పుకుంటూ, "యింకెవులున్నారు?" అంది.

నేను పేర్లు చెప్పడం మొదలుపెట్టి నాలుగో పేరు దగ్గర ఆగిపోయాను, ఆ మనిషి ఉన్నాడో పోయాడో కూడా నాకు తెలీదు. అందుకే ఇలా అచ్చులో చెబుతున్నాను. ఆ ఊరివాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ ఇది చదివితే, మీ ఇంట్లో మాట వినపడే పెద్దవాళ్ళెవరైనా మిగిలి ఉంటే, దగ్గరగా కూర్చుని ఒక్కసారి చెప్పండి. ఆ రోజు ఊళ్ళో నరసమ్మ పొయ్యి నిజమైన పొయ్యే. అబద్ధం నాది.