చెవుల మేస్త్రీకి దొరకని సడి

ఆ వీధిలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చెవుల మేస్త్రీ అంటేనే దారి చూపిస్తారు. చెవులేమీ పెద్దవి కావు, అందరి చెవుల్లాంటివే. కాకపోతే కుడిచెవి తమ్మెకు ఎప్పుడూ కాస్త గ్రీజు అంటుకుని ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినడం అతని పద్ధతి. అలా విని ఏ పిన్ను అరిగిందో, ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. విప్పి చూస్తే చెప్పింది చెప్పినట్టే ఉండేది. పాము చెవులు అనేవాళ్లు జనం. పాముకు చెవులే ఉండవని ఎవరో చదువుకున్నాయన అంటే, "అందుకే కాబోలు బండిని పాము దగ్గరికి కాక నా దగ్గరికి తెచ్చారు" అన్నాడట మేస్త్రీ, తల ఎత్తకుండా.

షెడ్డు పెద్దదేం కాదు. రెండు మేడల మధ్య మిగిలిపోయిన సందుకు పైన రేకులు కప్పారు. నేల ఏళ్ల తరబడి ఆయిలు తాగి నల్లగా బిగిసిపోయింది. లోపల ఒక బండికి రేసింగ్ ఇస్తే ఆ మోత రేకులకు కొట్టుకుని తిరిగి మనిషి మీదే పడుతుంది. మేస్త్రీ మీసం రాకముందు ఆ మోతలోకి వచ్చాడు, ఇప్పుడు మీసం నెరిసింది. ఏ చప్పుడు తిండి పెట్టిందో ఆ చప్పుడే మెల్లగా చెవుల్ని తినేస్తుందని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు.

ఆ షెడ్డుకు ఒక నియమం ఉంది. ఇంజను నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. మేస్త్రీ జబ్బు పేరు చెప్పేదాకా ఎవరూ పానా ముట్టుకోకూడదు. బండి యజమాని ఎంతటివాడైనా సరే, ఆ కాసేపూ నోరు మూసుకుని నిలబడాల్సిందే. అతని భార్య తమ్ముడు కూడా అక్కడే పనిచేస్తాడు. చేరిన కొత్తలో ఒకసారి, మేస్త్రీ ఇంకా వింటుండగానే, "ట్యాపెట్ వదులైంది బావా" అనేశాడు. అన్నది నిజమే. మేస్త్రీ ఇంజను ఆపి, చేతులు తుడుచుకుని, అయితే ఇక నువ్వే చూసుకో అని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా లేవలేదు, ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో బావమరిది ముందుగా నోరు విప్పిన పాపాన పోలేదు. ఇప్పుడు అతనికే ఇద్దరు పిల్లలు.

అలాంటి షెడ్డుకు ఒకరోజు టైపు మాస్టారు తన పాత బండిని నెట్టుకుంటూ వచ్చాడు. ఒకప్పుడు పై వీధిలో ఆయన టైపు నేర్పేవాడు. టైపు మిషన్లన్నీ తుక్కు కొట్టుకు పోయాయి, బండి ఒక్కటి మిగిలింది. దాన్ని కొన్నప్పటినుంచీ మేస్త్రీ తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు.

"దీనికి దగ్గు పట్టుకుంది మేస్త్రీ," అన్నాడు మాస్టారు. "చోక్ సగం లాగి పెడితే నడుస్తుంది, తోసేస్తే చచ్చిపోతుంది. ఆగిన చోటల్లా నేను కిక్కు కొడుతుంటే వెనక కార్ల వాళ్లు నా వంశవృక్షం మొత్తం తిరగేస్తున్నారు."

మేస్త్రీ స్టార్టు చేశాడు. స్లోలో నిలబడలేదు. ఒకసారి దానంతటదే హెచ్చుతుంది, మరుక్షణం కూలబడుతుంది. యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టపటపమని పేలుతుంది. అందరూ నోళ్లు మూసుకున్నారు. మేస్త్రీ స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. తర్వాత, కార్బొరేటర్ మురికి పట్టింది, సాయంత్రం రండి అన్నాడు.

కార్బొరేటర్ విప్పి, జెట్లు ఊది, తొట్టెలో పేరుకున్న పసుపురంగు జిగురు కడిగి బిగించాడు. సాయంత్రం బండి కాస్త నయంగా నడిచింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి ప్లగ్ విప్పి చూశాడు. దాని మూతి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంటే ఇంజనుకు గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదు. ట్యాంకు కింద ట్యాప్ శుభ్రం చేశాడు, పెట్రోలు గొట్టం మార్చాడు, తొట్టెలో ఫ్లోటు ఎత్తు సరిచేశాడు. బండి వెళ్లింది, వచ్చింది.

కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య బెత్తెడైనా లేని ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. పాతబడితే అది చిట్లుతుంది. ఆ పగుల్లోంచి దొంగగాలి లోపలికి పోతే బండి సరిగ్గా ఇలాగే చేస్తుంది. ఈ సంగతి మేస్త్రీకి తెలియక కాదు. ఎవరికైనా మొదట తట్టేది అదే. కానీ దొంగగాలి పీల్చే రబ్బరు సన్నగా ఈల వేస్తుంది, ఆ ఈలను అతను వీధి అవతలినుంచే పట్టుకునేవాడు. ఇప్పుడు ఈల లేదు. ఈల లేదు కనుక రబ్బరు బాగానే ఉంది. రబ్బరు బాగుంది కనుక దాన్ని విప్పి, వంచి చూడాల్సిన పని లేదు. తన చెవినే నమ్ముకున్నవాడికి తన చెవి అబద్ధం చెబుతుందని ఎలా తోస్తుంది? మిగతా షెడ్లలో బ్రష్షుతో ఆ చుట్టూ చుక్క పెట్రోలు పూసి, ఇంజను చప్పుడు మారితే పగులుందని తేల్చుకుంటారు. మేస్త్రీ దాన్ని చెవుల్లేని వాళ్ల వైద్యం అనేవాడు.

బావమరిదికి మాత్రం మొదటిరోజే వినపడింది. ఇంజను వేడెక్కాక, రబ్బరు కింది వైపునుంచి, సన్నగా. బావ వింటాడు, ఇప్పుడే చెబుతాడు అని ఎదురుచూశాడు. బావ కార్బొరేటర్ అన్నాడు. ముందు అది కడిగి తర్వాత రబ్బరు చూస్తాడేమో అనుకున్నాడు. చూడలేదు. ఆఖరికి రబ్బరు నుంచి జానెడు దూరంలో బావ తల వంచి, కళ్లు మూసుకుని, ఏమీ లేదన్నట్టు తల ఆడించినప్పుడు అతనికి సంగతి అర్థమైంది. మింగలేడు, కక్కలేడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అక్కను పక్కకు పిలిచి చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. కుక్కర్ కూతలు వినడం ఆయన ఎప్పుడో మానేశాడంది. గడియారం అలారం ఎవరికోసం మోగుతుందో ఎవరికీ తెలియదంది. పిలిస్తే పలకడని, ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకుందట. డాక్టరు దగ్గరికి వెళ్దామని ఒకసారి నోరు జారితే, పరధ్యానంలో ఉన్నవాణ్ణి చెవిటివాణ్ణి చేస్తావా అని పళ్లెం తోసేశాడట.

"మరి ఆయనకు నేను చెప్పనా అక్కా?"

"చెప్పి ఏం చేస్తావురా? ఆయనకున్న ఆస్తి అదొక్కటే. అది కూడా పోయిందని నువ్వే చాటింపు వేస్తావా? ఎలాగోలా ఆ బండిని పంపించెయ్."

ఈలోగా మేస్త్రీకి ఆ బండి పట్టుదలైంది. వేరే పని ముట్టడు, వచ్చిన బళ్లు పక్క వీధికి పోతున్నా లెక్కచేయడు. పెట్రోలు ఎక్కువ వదిలే పెద్ద జెట్ తెచ్చి కార్బొరేటర్లో వేశాడు. తెల్లగా ఉన్న ప్లగ్ కాస్తా మసిబొగ్గయింది, వెనక నల్లపొగ మొదలైంది. మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. బండి మాన్పించమంటే వంటింటి పొయ్యి చేసిచ్చావేంటి మేస్త్రీ అన్నాడు. మేస్త్రీ నవ్వలేదు. ఎదురుగా నిలబడి చెప్పలేదు కనుక వినపడి ఉండదని బావమరిది ఒక్కడికే తెలుసు.

మధ్యాహ్నం మేస్త్రీ భోజనానికి వెళ్లినప్పుడు అతను స్పేరు పార్టుల కొట్టుకు పరిగెత్తాడు. కొత్త రబ్బరు తెచ్చి బిగించి, పెద్ద జెట్ తీసి పాతదే పెట్టి, స్లో స్క్రూ సరిచేశాడు. బండి పిల్లిలా గుర్రుమంది. ఆపేసి, ఏమీ ఎరగనట్టు చైను కడగడానికి కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆ షెడ్డులో బావకు చెప్పకుండా చేసిన పని అదొక్కటే.

మేస్త్రీ వచ్చాడు, స్టార్టు చేశాడు. చోక్ తోసేశాడు. బండి నిలబడింది. యాక్సిలేటర్ తిప్పి వదిలాడు. పేలలేదు. ఇంకోసారి తిప్పాడు. అప్పుడు అతని మొహం చూడాలి. ఆ జెట్టేరా, నేను చెప్పలేదూ, సర్దుకోడానికి కాస్త టైం పట్టింది అన్నాడు. అవును బావా అన్నాడు బావమరిది, చైను మీదినుంచి చూపు తిప్పకుండా. ఆ వారమంతా మేస్త్రీ ఆ జెట్ కథ చెప్పనివాడు లేడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, పంక్చర్ల వాడికి చెప్పాడు, ఇంట్లో రెండుసార్లు చెప్పాడు. భార్య రెండుసార్లూ మొదటిసారి విన్నట్టే విన్నది.

తర్వాత మాస్టారు చైను బిగించుకోవడానికి వచ్చాడు. సంతోషంగా ఉన్నాడు, వాగుతూనే ఉన్నాడు. మేస్త్రీ బదులివ్వకపోతే, వెనకనుంచి భుజం తట్టి, "నీతో మాట్లాడుతుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. కొరుకుతున్నావా అని మాత్రం అడక్కు," అన్నాడు. ఆయన మనసులో ఏమీ లేదు. అందరితోనూ అలాగే మాట్లాడతాడు.

మేస్త్రీ చైను బిగించి, అలవాటుగా స్లో స్క్రూ మీద చెయ్యి వేయబోయి ఆగాడు. రబ్బరు నల్లగా నిగనిగలాడుతోంది. అచ్చులోంచి తీసినప్పటి గీత కూడా అరగలేదు. దాని క్లిప్పు స్క్రూకు గాటు లేదు. కళ్లకు ఏ లోపమూ లేదు కదా, ఒక్క చూపులో చదివేశాడు. ఇంకెక్కడైనా చూపించారా అని మాస్టారిని అడిగాడు. నీ షెడ్డు తప్ప ఇంకో గడప తొక్కలేదన్నాడాయన, కాస్త నొచ్చుకుని.

మాస్టారిని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. చిన్న పని మిగిలింది, కాసేపట్లో ఇచ్చేస్తానన్నాడు. బండిని షెడ్డు లోపలి చివరకు నెట్టుకెళ్లాడు. బావమరిదిని పిలిచి, పాత రబ్బరు ఎక్కడ పారేశావని అడిగాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బావమరిదికి ఊపిరి ఆడేది. పారేయలేదు బావా అని, తుక్కు డబ్బా అడుగునుంచి తీసి ఇచ్చాడు. మేస్త్రీ దాన్ని వేళ్లతో వంచాడు. కింది వైపు వేలెడు పొడుగున నోరు తెరుచుకుంది.

"దీన్నే బిగించు."

బిగించాడు. స్టార్టు చెయ్యమంటే చేశాడు. బండి పాత దగ్గు మొదలుపెట్టింది. వేడెక్కేదాకా ఇద్దరూ నిలబడ్డారు. మేస్త్రీ స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు, మళ్లీ కింద పెట్టేశాడు. ఉత్త చెవినే రబ్బరుకు దగ్గరగా పెట్టాడు. ఇంజను సెగకు చెంప ఎర్రబడేదాకా తియ్యలేదు. కుడిచెవి, తర్వాత ఎడమచెవి.

"ఇప్పుడు వినపడుతోందా నీకు?"

"వినపడుతోంది బావా."

"ఎలా ఉంది?"

బావమరిది ముందుకు వంగి ఇంకోసారి విన్నాడు. చప్పుడును చప్పుడుతో చెప్పాలి కానీ మాటలతో ఎలా చెబుతాడు? ట్యూబులోంచి గాలి దిగుతున్నట్టు ఉంది అన్నాడు. కాదు, ఇంకా సన్నగా ఉంది, పళ్ల సందునుంచి ఊపిరి లాగినట్టు అన్నాడు. మేస్త్రీ అతని పెదాలనే చూస్తున్నాడు. మొదటిరోజు నుంచీ ఉందా అని అడిగాడు. ఉందన్నాడు. మరి చెప్పలేదేం అని అడగలేదు. జవాబు తెలిసినవాడు ఎందుకడుగుతాడు?

ఇంజను ఆపాడు. మూలనున్న చిన్న బ్రష్షు తీసి ఒకసారి చేతిలో తిప్పి చూసి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు. బావమరిది ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, ఇంట్లో అక్క నిలబడినట్టే.

"పెట్రోలు పూసి చూస్తే సరిపోతుంది బావా. అందరూ చేసేది అదే కదా. వినాల్సింది ఏదైనా ఉంటే నేను చెబుతా. నువ్వు చెప్పినట్టే ఉంటుంది, జనానికేం తెలుస్తుంది?"

"ఎన్నాళ్లు చెబుతావురా?"

బావమరిది తల దించుకున్నాడు. వచ్చే నెలనుంచి బ్యాటరీ బళ్ల షోరూములో అతనికి పని ఖాయమైంది. చప్పుడే చెయ్యని బళ్లు, జీతం నెల తిరిగేసరికి వస్తుంది. అక్కకు కూడా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక వాయిదా వేస్తూ వస్తున్నాడు.

"ఈ నెలాఖరు దాకా, బావా."

అతను తల దించుకునే అన్నాడు. మేస్త్రీకి పెదాలు కనపడలేదు. ఏమన్నావని అడగలేదు. వినపడ్డట్టే తల ఊపి, మాస్టారు ఎదురుచూస్తున్నాడని కొత్త రబ్బరు అందుకుని, బిగించడానికి కూర్చున్నాడు.