షౌకత్ తనకోసం కుట్టుకున్న బొంత

కాషాన్‌లో రంగులద్దేవాళ్ల సందు చివరి ఇంట్లో ఉండే షౌకత్‌కు ఆ చలికాలం ఒకే ఒక్క కోరిక ఉండేది. తను కుట్టిన బొంత ఒకటి తనే కప్పుకుని పడుకోవాలి. ఇదీ ఒక కోరికేనా అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కాపురానికి వచ్చింది మొదలు ఆమె ఎన్ని బొంతలు కుట్టిందో, ఎన్ని సంచులు కుట్టిందో ఎవరికీ లెక్క తెలియదు. వాటిలో ఒక్కటీ ఆమె ఒంటి మీదికి రాలేదు. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటారు పెద్దలు. షౌకత్ జన్మంతా ఆ బేరమే చేసింది.

తప్పు మొదట్లోనే జరిగింది. కొత్తకోడలుగా ఉన్నప్పుడు అత్తగారి పాత చాదర్లు కత్తిరించి, ముక్కకు ముక్క అతికి, కింద కుంపటి పెట్టుకునే కొర్సీ బల్ల మీద కప్పడానికి ఒక బొంత కుట్టింది. అత్తగారు దాన్ని తిరగేసి, కుట్లు గోటితో గీరి చూసి, చెయ్యి మంచిదే అంది. షౌకత్ తల వంచుకుని, ఎంత పని లెండి, మీకు తగినది కాదు అంది. మంచి కోడలు అనవలసిన మాటే. కాకపోతే ఆ "ఎంత పని లెండి" అనేది ఆమె మెడకు చుట్టుకుని మళ్లీ వదల్లేదు. ఆడపడుచు కూతురి పెళ్లికి బొంత. మరిది కొడుక్కి ఉయ్యాల బొంత. రొట్టెలు చుట్టిపెట్టుకునే సంచి, హమామ్ స్నానాలకు బట్టలు పట్టుకెళ్లే సంచి, మషద్ యాత్రకు పోయే తోడికోడలికి భుజాన వేసుకునే సంచి. చివరికి మరిది చెవి మిషను దాచుకోవడానికి బొత్తాం పెట్టిన బుల్లి సంచి కూడా. ఎవరి గుడ్డల మూట వాళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టేవారు, టీ తాగేవారు, వెళ్లేవారు. మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు చూపు ఆనడం లేదు. పొద్దున కిటికీలోంచి ఎండ పడగానే ఉన్న సూదులన్నిటికీ దారం ఎక్కించి దిండుకు గుచ్చుకునేది. మధ్యాహ్నం దాటితే సూది బెజ్జం ఎక్కడుందో ఆమెకు తెలిసేది కాదు. బొంతను నేల మీద పరిచి, దాని మీదే కూర్చుని, నడిమధ్య నుంచి అంచులకు జరుగుతూ కుట్టడం వాళ్ల పద్ధతి. అలా మడత పడి కూర్చుని కూర్చుని నడుము ఒక పక్కకు ఒరిగింది. కుడిచేతి బొటనవేలు రాత్రిళ్లు సలిపేది. ఆ చేతిని చంకలో పెట్టుకుని, బజారులో కొన్న పులిబొమ్మ కంబళి కింద పడుకునేది. ఆ నైలాను పులి ముఖానికి తగిలినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు తన చేతి బొంతలు కప్పుకుని గుర్రుపెడుతుంటే తనకీ పులి ఏమిటని.

భర్త హెష్మత్ పోయిన ఏడాదికి ఆమె పెట్టె తెరిచింది. పెళ్లినాటి ఆకుపచ్చ గౌను, కొడుకు కడుపులో ఉన్నప్పుడు వేసుకున్న వదులు చొక్కా, నమాజుకు కప్పుకుని కప్పుకుని పలచబడ్డ చిన్నపూల చాదరు, వంటింట్లో చిరిగిన లంగాలు. అన్నీ తనవే, పరాయి పీలిక ఒక్కటీ లేదు. దూదేకే మనిషి సందులోకి వచ్చినప్పుడు పాత పరుపు విప్పి దూది ఏకించుకుంది. ఊరివాళ్ల పనులు మూలకు నెట్టి, జీవితంలో మొదటిసారి తన పని ముందు పెట్టుకుంది.

వచ్చినవాళ్లందరూ అడిగే మాట ఒకటే, ఇది ఎవరికని. నాకు అనడానికి షౌకత్‌కు నోరు రాలేదు. ఇంత వయసు వచ్చి నాకోసం కుట్టుకుంటున్నాను అని చెప్పుకోవడం ఆమెకు సిగ్గు. ఎవరికైతే ఏముంది, మీదే అనుకోండి అనేది. అయ్యో, మీ చేతికి నొప్పి రాకూడదు, మీ దగ్గరే ఉండనివ్వండి అని వాళ్లూ అనేవారు. నోటితో అలా అని మనసులో ముడి వేసుకునేవారు. పై వాటాలో ఉండే కోడలు ఆజర్ అది తన పెద్దకూతురికేనని అనుకుంది. ఫోనులో విన్న ఆడపడుచు మంజర్ అది తన మనవరాలి పెళ్లికని అనుకుంది.

ఆ మంజరే ఒక మధ్యాహ్నం కూతురు తహ్మీనెను వెంటేసుకుని దిగింది. తహ్మీనె చేతిలో మోయలేనంత మూట. పని చేసుకునే మనిషిని ఆ ఊళ్లో ఎవరైనా ఎలా పలకరిస్తారో అలాగే పలకరించింది మంజర్.

"అలిసిపోకు తల్లీ షౌకత్."

చల్లగా ఉండండి అని జవాబు చెప్పాలని పసిపిల్లలకు కూడా తెలుసు. షౌకత్ సూది ఆపి తలెత్తింది.

"అలిసిపోయాను వదినా."

మంజర్ పకపక నవ్వింది. మీ అత్త ముసలితనంలో పరాచికాలు నేర్చిందే అని కూతురితో అంది. ఇద్దరూ కొర్సీ కింద కాళ్లు దూర్చుకున్నారు. షౌకత్ లేచి టీ పోసింది, చక్కెర గడ్డల గిన్నె ముందుకు జరిపింది. గడ్డ పంటి కింద పెట్టుకుని మంజర్ మూట విప్పింది. పట్టు, మఖ్మలు, సాటిను. పెళ్లి నౌరోజ్ పండగ తర్వాతట. ఒక పెళ్లి బొంత, హమామ్ సంచి, రొట్టెల సంచి, నగలకు ఒకటి, అద్దానికి ఒకటి. పెళ్లికొడుకు తల్లికి కూడా ఏదో ఒకటి పడేస్తే బాగుంటుందని తహ్మీనె మెల్లగా కలిపింది.

నా వల్ల కాదు వదినా అంది షౌకత్. నీ చెయ్యి పడకుండా మా ఇంట పెళ్లేమిటి అంది మంజర్. కళ్లు కనపడటం లేదంది షౌకత్. మన మధ్య ఈ మర్యాదలెందుకే అంది మంజర్. బొటనవేలు వంగడం లేదు, ఎవరైనా దర్జీకి ఇచ్చుకోండి అని మూడోసారి అంది. ఆ ఊళ్లో మూడోసారి చెప్పిన వద్దుకు ఎవరైనా ఆగుతారు. షౌకత్ ఎన్నడూ మూడోదాకా పోయిన మనిషి కాదు గనుక ఆమె ఇంకా మొదటి వద్దులోనే ఉందనుకున్నారు. ఆమె ఎంత కాదంటే వాళ్లకు అంత ముద్దు వచ్చింది. వద్దన్న మాటను ఇన్నేళ్లు మర్యాదకే వాడి అరగదీసుకుంది పాపం, అవసరం వచ్చేసరికి అది మొండికత్తిలా తెగలేదు.

మంజర్ చూపు షౌకత్ ఒళ్లోని బొంత మీద పడింది. కొత్తది అంత కష్టమైతే ఇదిచ్చెయ్, సంచులు తీరిగ్గా కుడుదువు అంది. సరిగ్గా అప్పుడే దానిమ్మగింజల గిన్నెతో ఆజర్ మెట్లు దిగి వచ్చింది. ఆమె ముఖం చిన్నబోయింది, అయినా ఆ ఊరి పిల్ల కదా, వెంటనే సర్దుకుంది. అది మా పెద్దదానికనుకున్నాం, ఫర్వాలేదు, మీరే తీసుకోండి అంది. అబ్బే, మీ పిల్ల తర్వాతే మా పిల్ల అంది మంజర్. మీ ఇంట్లో ముహూర్తం పెట్టుకున్నారు కదా అంది ఆజర్. షౌకత్ బొంతను షౌకత్ ముందే పెట్టుకుని ఇద్దరూ ఒకరికొకరు దానం చేసుకున్నారు.

"అది నాది" అంది షౌకత్.

"నీది కాదని ఎవరన్నారు తల్లీ" అంది మంజర్. "నీ చేత్తో కుట్టావు, నీదే."

"నేను కప్పుకోవడానికి."

తహ్మీనె కూడా నవ్వేసింది. "పులిబొమ్మ కంబళి ఉందిగా అత్తా. భలే వెచ్చగా ఉంటుంది."

షౌకత్ దారాన్ని పళ్లతో తుంచి సూదిని దిండుకు గుచ్చింది. కొర్సీ పక్కనే నేల మీద ఒరిగి, బొంతను కాళ్ల మీద నుంచి లాక్కుని, తల మీదుగా ముసుగు తన్ని పడుకుంది. ఎదురుగా చుట్టాలున్నారు. రెండో గ్లాసు టీ ఇంకా పోయలేదు. జ్వరంతో ఉన్న మనిషి కూడా ఆ ఊళ్లో అలా చేయదు.

మంజర్ ముందుకు వంగి గొంతు తగ్గించి, "ఒక పక్క ఇంకా కుట్టనేలేదు కదే, దూది రాలుతోంది" అంది.

"నాకు చాలు" అంది షౌకత్ లోపలి నుంచి.

బొంత కింద చీకటిగా, వెచ్చగా ఉంది. చిన్నపూల చాదరు ముక్క సరిగ్గా చెంపకు తగిలింది. ఆమెకు సుఖంగా ఉంది, భయంగానూ ఉంది. వాళ్లు లేస్తారని, మళ్లీ పిలుస్తారని, పిలిస్తే తను లేస్తుందని భయం. పిలిచారు కూడా. షౌకత్ అని ఒకసారి, అత్తా అని ఇంకోసారి. ఆమె కదల్లేదు. గాజుగ్లాసులు కిందపెట్టిన చప్పుడు, చాదర్లు సర్దుకున్న చప్పుడు వినిపించాయి. మూట ఏం చేద్దామని తహ్మీనె గుసగుసలాడింది. ఇక్కడే వదిలెయ్, లేచాక మనసు దానంతటదే మారుతుంది అంది మంజర్. తలుపు మూసుకుంది.

తర్వాత తలుపు మళ్లీ తెరుచుకుంది. చలిలో చెప్పులు లేని కాళ్లతో ఆజర్ వాకిట్లోకి పరిగెత్తింది.

"మంజర్ ఖానుమ్, మీ మూట."

"అది షౌకత్‌కే తల్లీ. ఉండనీ."

"మా అత్తయ్య వద్దంది."

"ఏదో మర్యాదకు అంది లేవే."

"లేదండీ. వద్దంది."

వీధిలో మూట కారులో పడింది, తలుపు మూసుకుంది. పోనీ పట్టుకురా పిల్లా, ఎంత పని లెండి, కుట్టేస్తాను అని బొంత కింద షౌకత్ నోరు అప్పటికే తెరుచుకుంది. కుట్టని పక్క బొంత అంచు గుప్పిట పట్టి నోట్లో కుక్కుకుని, కారు చప్పుడు సందు దాటేదాకా అలాగే పడుకుంది.