నడుముకు కట్టిన జేబు

మిషనత్త అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లు మిషను కుట్టింది కాబట్టి మిషనత్త. పిల్లలకూ మిషనత్తే, ఆ పిల్లల తల్లులకూ మిషనత్తే. ఆఖరికి ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా అలాగే పిలిచేవాడు. చేతిపని ఎంత చక్కనిదో నోరు అంత దురుసు. "కాస్త బిగుతుగానే కుట్టు అత్తా, నేనెలాగూ సన్నబడతాను" అని ఎవరైనా అంటే, "సన్నబడ్డాకే రా, అప్పుడే కుడతా" అని గుడ్డ తిరిగి చేతిలో పెట్టేది. అయినా జనం ఆవిడ దగ్గరికే వచ్చేవారు. అలాంటి మనిషి అరవై రెండో ఏట, ఒక మోకాలు మాట వినడం మానేసిన తరువాత, పరాయి దేశంలో ఒక పిల్లల ఆశ్రమంలో ఆరు నెలలు జీతం లేకుండా పనిచేయడానికి వెళ్తానంది.

ఇంట్లో ఎవరూ ఊరుకోలేదు. కోడలు ముందు నవ్వింది, నిజమేనని తెలిశాక గిన్నెలు కాస్త గట్టిగా కడిగింది. కొడుకు మందుల సంచి తెచ్చి ముందు పెట్టి, వేళకు ఇవన్నీ అక్కడెవరు గుర్తు చేస్తారని అడిగాడు. తమ్ముడైతే పనిగట్టుకుని రెండు బస్సులు మారి వచ్చి, "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది నీ వరస. నెల తిరక్కుండా తిరిగొస్తావు, రాసిపెట్టుకో" అన్నాడు.

"ఈగల సంగతి నువ్వు చూసుకోరా, పల్లకీ సంగతి నేను చూసుకుంటా" అంది మిషనత్త.

చేతిపని తెలిసిన పెద్దవాళ్లను బయటి దేశాలకు పంపే సంఘం ఒకటి ఉంది. దాని దరఖాస్తులో, పిల్లలకు మీరేమి ఇవ్వగలరు అని ఒక గడి. అందరూ అక్కడ ప్రేమ, ఆప్యాయత, తల్లి ఒడి అని రాస్తారట. మిషనత్త "బట్టలు కుట్టగలను" అని రాసి, ఇంకా చోటు మిగిలిందని "పాతవి బాగు కూడా చేస్తాను" అని చేర్చింది. ఆవిడ పెట్టెలో కట్టుకునే బట్టల కంటే గుడ్డముక్కలే ఎక్కువ. ఏళ్ల తరబడి కత్తిరింపుల్లో మిగిలిన పూలవి, గళ్లవి, చారలవి. విమానాశ్రయంలో పెట్టె విప్పించిన ఉద్యోగి ఒక్కో ముక్కనీ ఎత్తి చూసి, ఏమీ అర్థంకాక మూసేశాడు.

ఆశ్రమం రెండంతస్తుల భవనం. కింద భోజనాల గది, ఆఫీసు; పైన రెండు పొడుగాటి గదుల నిండా ఇనుప మంచాలు; నేలమాళిగలో బట్టలుతికే గది. నలభై ఇద్దరు పిల్లలు. ఆశ్రమాన్ని నడిపే ఆవిడ ప్రతి తలుపు వెనకా ఏదో ఒక జాబితా అంటించి ఉంచేది గనుక మిషనత్త ఆవిడకు జాబితా మేడమ్ అని పేరు పెట్టుకుంది. అదృష్టం బాగుండి అక్కడి నర్సు మన భాష మనిషే. పదేళ్ల కిందట ఉద్యోగానికొచ్చి అక్కడే స్థిరపడింది. మేడమ్‌కూ మిషనత్తకూ మధ్య మాటలన్నీ ఆ నర్సు నోటిమీదుగానే నడిచేవి. ఆ అమ్మాయి మెత్తనిది, మిషనత్త మాటల్లో కారం తీసేసి చెప్పేది. మిషనత్త ఆ మోసం మేడమ్ మొహం చూసే పట్టేసి, నీళ్లు కలపకు తల్లీ అని గదమాయించేది.

సేవకని వచ్చేవాళ్లకు అక్కడొక మామూలు ఉంది. వస్తారు, పిల్లల్ని ఎత్తుకుంటారు, పాటలు పాడిస్తారు, ఫోటోలు దిగుతారు, మూడు వారాలకు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతారు. పిల్లలు ఎంత ఆరితేరిపోయారంటే, కొత్తమనిషి గుమ్మంలో కనబడగానే ఎత్తుకోమని ఎదురొచ్చేవారు. ఆ మనిషి వెళ్లే రోజున కిటికీ దగ్గరకు కూడా వచ్చేవారు కాదు. మిషనత్తను కూడా మేడమ్ పిల్లలతో ఆడుకోమంది. నా మోకాలు ఆడదు, మిషనుంటే ఇప్పించండి అంది ఈవిడ. సామాన్ల గదిలో విరిగిన కుర్చీల కింద పాత తొక్కుడు మిషను ఒకటి దొరికింది. రెండు రోజులు నూనె పోసి, దుమ్ము దులిపి, తెగిన బెల్టు బదులు తాడు బిగిస్తే అది గురక పెడుతూ లేచింది.

కొలతలు తీసుకునేటప్పుడు బయటపడింది సంగతి. చేతులు చాపమంటే పిల్లలు చాపారు. కానీ సగానికి సగం మంది ఒక పిడికిలి బిగించే చాపారు. మణికట్టు కొలుద్దామని ఒక పిల్లాడి వేళ్లు విప్పబోతే వాడు కరిచాడు. వేళ్ల సందులోంచి అరిగిపోయిన పెన్సిలు ముక్క కనబడింది. ఇంకొకడి మేజోడులో గులకరాయి. ఆరేళ్ల పిల్ల ఒకతి బుగ్గ ఉబ్బించుకుని, ఎంత పలకరించినా మాట్లాడకుండా నిలబడింది. పన్ను వాచిందేమోనని నర్సును పిలిచింది మిషనత్త. నర్సు బతిమాలి నోరు తెరిపిస్తే లోపల ఒక నీలం బొత్తాం ఉంది. ఎన్నాళ్లుగా అక్కడ పెట్టుకుని తిరుగుతోందో గానీ, బుగ్గ లోపల దాని గుర్తు పడిపోయింది.

మిషనత్త తన జన్మలో లెక్కలేనన్ని బొత్తాలు కుట్టి ఉంటుంది. ఆ ఒక్కదాన్ని చూసి కొలతల టేపు పక్కన పెట్టేసింది. మొదట ఏడుపొచ్చింది. తరువాత ఒళ్లు మండింది.

ఆ ఇంట్లో బట్టలు ఎవరివీ కావు. అల్మారాలో సైజుల వారీగా దొంతరలుంటాయి. పొద్దున ఏది చేతికొస్తే అది తొడుక్కోవడం, సాయంత్రం బుట్టలో పడేయడం. నిన్న వీడు వేసుకున్న చొక్కా ఇవాళ ఇంకొకడి ఒంటి మీద ఉంటుంది. ఎవరో ఇచ్చిన లాగూలకు జేబులుంటే వాటి మూతులు బిగించి కుట్టేశారు, అదీ చూస్తే సిగ్గేసే మొరటు కుట్టు. ఇదెందుకు చేశారని అడిగితే మేడమ్ బట్టలుతికే ఆమె మీద పెట్టింది. జేబుల్లో రాళ్లూ రప్పలూ ఉంటే యంత్రం పాడవుతుందట, పాపం ఒక్క మనిషి ఇంతమంది జేబులు ఎక్కడ వెతుకుతుందట.

ఆ పాపం ఎంతో తేల్చుకుందామని మిషనత్త నర్సును వెంటబెట్టుకుని నేలమాళిగలోకి దిగింది. ఉతికే ఆమె తడిచేతులు తుడుచుకుంటూ, ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నాను, నీకేమైనా ఇబ్బందా అని నన్నడిగినవాళ్లు లేరు అంది. యంత్రం ఆగిపోయింది ఒకే ఒక్కసారట. అదీ మేడమ్ చేతిరుమాలులో చుట్టుకుని వచ్చిన తాళంచెవి వల్ల. ఈ ముక్క చెప్పి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

మిషనత్తకు తన నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ప్రతిదీ రొంటిన దోపుకునేది. పిన్నీసు, మందుబిళ్ల, ఎవరికీ చూపించని ఉత్తరం ముక్క. బట్టలు అందరివీ అయితే అయ్యాయి, ఎవరి నడుము వాళ్లదే కదా. అరచెయ్యంత సంచి, మూతికి మడత, రెండు పక్కలా నాడా. చొక్కా కింద కట్టుకుంటే పైకి కనబడదు, ఉతికే బుట్టలో పడదు. గుడ్డముక్కలన్నీ మంచం మీద పరిచి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి, నీకేది కావాలో తీసుకో అంది. ఆ మాట నర్సు ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి ఎవరికీ అర్థం కాలేదు. బొత్తాం పిల్ల చారల ముక్క తీసుకుని, అది పెట్టేసి ఎర్రపూలది తీసుకుని, మళ్లీ చారలదే తీసుకుంది. పావుగంట పట్టింది. మిషనత్త తొందరపెట్టలేదు.

పది రోజుల్లో నలభై రెండు జేబులు పూర్తయ్యాయి. కరిచిన పిల్లాడు మొట్టమొదటిసారి రెండు చేతులతో బంతి పట్టుకున్నాడు. బొత్తాం పిల్లకు నోరు ఖాళీ అయ్యేసరికి మాటలొచ్చాయి. ఎన్నంటే, మూడో రోజుకు నర్సు చెవుల్లో దూది పెట్టుకుంటానని బెదిరించాల్సి వచ్చింది. ఎవరి జేబులో ఏముందని మిషనత్త ఎవర్నీ అడగలేదు.

జాబితాలో లేని వస్తువు ఆ ఇంట్లో ఎన్నాళ్లు దాగుతుంది? పదకొండో రోజున ఒక పిల్ల మురిసిపోతూ చొక్కా పైకెత్తి మేడమ్‌కే తన జేబు చూపించింది. సాయంత్రానికి కబురొచ్చింది. రేపు మధ్యాహ్నంలోపు జేబులన్నీ విప్పించి, మూటగట్టి ఆఫీసులో అప్పగించాలి. లేకపోతే మిషనత్తకు తిరుగు ప్రయాణం.

నర్సు వచ్చి మంచం అంచున కూర్చుని, "ఈ ఒక్కసారికి సర్దుకుపోండి అత్తయ్యా" అంది.

"సర్దుకుపోతే గుడ్డకు ముడతలు పడతాయమ్మా. మనిషికీ అంతే."

అన్నదే గానీ, ఆవిడ భయపడింది. దాచడమెందుకు, బాగానే భయపడింది. వచ్చి నెల కూడా తిరగలేదు. ఇప్పుడు పెట్టె మోసుకుని తిరిగెళ్తే, చెప్పానా లేదా అని తమ్ముడు తను కాటికి పోయేదాకా అంటాడు. ఇంట్లో ఇంకెప్పుడూ ఆవిడ మాటకు విలువుండదు. అయితే, అలా మాటపడకుండా ఉండాలంటే నలభై రెండు నడుముల నుంచి నలభై రెండు నాడాలు తన చేత్తో ఊడదీయాలి. వదులైన కుట్టు విప్పింది, కొలత తప్పింది విప్పింది. సరిగ్గా సరిపోయినదాన్ని ఎవరో వద్దన్నారని విప్పడం ఆవిడ చేతికి అలవాటు లేదు. పోతే పోయింది అనుకుంది.

మర్నాడు ఎవరు చెప్పారో గానీ పిల్లలకు తెలిసిపోయింది. పొద్దున భోజనాల గదిలో నలభై ఇద్దరూ ఒక చెయ్యి నడుముకు అదుముకుని కూర్చున్నారు. ఒక్కరూ గొడవ చేయలేదు. ఆ నిశ్శబ్దం చూసి మిషనత్త గుండె గట్టిపడింది. మధ్యాహ్నం ఒట్టి చేతులతో ఆఫీసుకెళ్లి మేడమ్ ఎదుట కుర్చీలో కూర్చుంది. నర్సు పక్కన నిలబడింది.

"నేను వెళ్తాను. జేబులు మాత్రం రావు. నన్నెందుకు పంపుతున్నారో కాగితం మీద రాసివ్వండి."

కాగితం ఎలాగూ కావాలి, కారణం లేకుండా సంఘం వాళ్లు ప్రయాణం మార్చరు. మేడమ్ ఎడం చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, కుడిచేత్తో రాసింది. ఆరోగ్యం సరిగా లేనందువల్ల అని రాసిందని నర్సు చదివి చెప్పింది. నేను వచ్చేటప్పుడే మోకాలు ఇలా ఉంది, కొట్టేయమంది మిషనత్త. మేడమ్ కొట్టేసి, నియమాలు పాటించనందువల్ల అని రాసింది. ఏ నియమమో అది కూడా రాయమంది. ఆ గదిలో గోడలకు ఏడు జాబితాలున్నాయి. నర్సు ఏడూ చదివింది. జేబు మాట ఒక్కదాంట్లోనూ లేదు. మేడమ్‌కు కోపమొచ్చింది. మూడోసారి పెద్దపెద్ద అక్షరాలతో గీకి కాగితాన్ని నర్సు వైపు తోసింది.

"పిల్లలకు తలా ఒక జేబు కుట్టి ఇచ్చినందువల్ల ఈమెను వెనక్కి పంపుతున్నాము" అని నర్సు చదివింది.

"ఇది బాగుంది. సంతకం పెట్టమను" అంది మిషనత్త. "తీసుకెళ్లి మా గుమ్మానికి అంటించుకుంటాను."

మేడమ్ కాగితాన్ని వెనక్కి తీసుకుని తను రాసినదాన్ని తానే రెండుసార్లు చదువుకుంది. సంతకం చేయాల్సిన చోట కలం ఆగింది. అప్పుడు నోరు విప్పింది. తొమ్మిదేళ్ల కిందట ఒక పిల్లాడు జేబులో అగ్గిపుల్లలు దాచుకున్నాడు. ఒక మధ్యాహ్నం పైగదిలో పరుపు అంటుకుంది. వాణ్ని ఎత్తుకుని మెట్లు దిగింది ఆవిడే. వాడు బతికాడు, వీపంతా మచ్చలతో. ఎవరి దగ్గర ఏముందో తనకు తెలియకుండా ఇక ఈ ఇంట్లో ఉండకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఉతికే ఆమె మాట ఒట్టి సాకు.

మిషనత్తకు జాలేసింది. నిజంగానే వేసింది. కానీ జాలేసిందని ఒప్పేసుకోవాలని ఎక్కడా లేదు.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా మేడమ్? అగ్గిపెట్టెలకు తాళం వేయండి, పిల్లలకెందుకు వేయడం? ఆ పిల్ల బొత్తాం నోట్లో పెట్టుకుని తిరిగింది. అది గొంతుకు అడ్డం పడుంటే ఏ జాబితాలో రాసేవారు?"

మేడమ్ కలం కింద పెట్టింది. తరువాత అడిగింది. ఈసారి గొంతులో అధికారం లేదు.

"లోపల ఏముందో నాకు తెలియొద్దా?"

"నేనొచ్చి కూర్చున్నప్పట్నుంచి మీ ఎడం చెయ్యి జేబులోనే ఉంది. దేన్నో వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నారు. అదేంటని నేనడిగానా?"

నర్సు తడబడుతూ ఆ మాట అటు చేరవేసింది. కోటు జేబులో వేళ్ల కదలిక ఆగిపోయింది. మేడమ్ మొహం ఎర్రబడి, తరువాత మెల్లగా మామూలైంది. ఆ చెయ్యి మాత్రం బయటికి రాలేదు. కుడిచేత్తోనే ఆవిడ సంతకం లేని కాగితాన్ని మడిచి, సొరుగులో పడేసి, ఇక వెళ్లమన్నట్టు తల ఊపింది.

మిషనత్త ఆర్నెల్లూ ఉండే వచ్చింది. ఆ కోటు జేబులో ఏముందో ఆవిడకు ఈనాటికీ తెలియదు. ఎవరైనా అడిగితే, మనకెందుకు అంటుంది.