పిలిస్తే పలికే నంబరు

పులికాట్ ఒడ్డున మధ్యాహ్నాలు ఒక పట్టాన తెమలవు. నీళ్లకీ ఆకాశానికీ మధ్య గీత కనపడదు. దూరంగా పడవ వస్తుంటే గాల్లోంచి మెల్లగా దిగుతున్నట్టే ఉంటుంది. ఆ ఒడ్డున ఒక ఊళ్లో నేను చేసిన పని తలుచుకుంటే ముందు ఆ వెలుతురే గుర్తొస్తుంది నాకు. వైర్లూ డబ్బాలూ తర్వాత.

నాకు సూళ్లూరుపేటలో చిన్న దుకాణం ఉంది. రొయ్యల గుంటల దగ్గరా, బడుల్లో, రైసు మిల్లుల్లో రౌటర్లు పెట్టి, కెమెరాలనూ కంప్యూటర్లనూ ఒకదానితో ఒకటి కలపడం నా పని. "అక్కా, నెట్టు రావడంలా" అని ఫోన్ చేసేవాళ్లు ప్లగ్గు పెట్టారో లేదో కూడా చూసుకోరు. నాకు చిర్రెత్తుకొస్తుంది. ఫోన్లోనే నాలుగు తిట్టి, బండి తీసుకుని వెళతాను.

రౌటర్ తన దగ్గరికి వచ్చిన ప్రతి వస్తువుకీ ఖాళీగా ఉన్న నంబరు ఒకటి ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక మళ్లీ అదే నంబరు దొరుకుతుందన్న భరోసా లేదు. పెళ్లి బంతిలో ఒక్క క్షణం లేచి వచ్చేసరికి మన విస్తరి ముందు ఇంకెవరో కూర్చున్నట్టు. ఫోన్లకి అలా జరిగినా ఇబ్బంది లేదు. కెమెరాకి కుదరదు, ఎప్పుడు వెతికినా అది ఒకే చోట దొరకాలి. అందుకని రౌటర్‌లో "ఈ కెమెరాకి ఈ నంబరే" అని కట్టేస్తాం. స్టాటిక్ ఐపీ అంటే అంతే. ఉన్నా లేకపోయినా, పడుకున్నా లేచినా, ఆ నంబరు దానిదే.

ఆ ఊళ్లో చేపలవాళ్ల సంఘం హాల్లో రౌటర్, కెమెరాలు చూడ్డానికి టీవీ పెట్టి, రేవులో స్తంభానికి ఒక కెమెరా, ఐసు గదిలో ఒకటి బిగించాను. రేవు నంబరు పది, ఐసు గదిది ఇరవై. పని ముగించి బయల్దేరుతుంటే ఒక అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుంది. "మా ముసలాయన నీతో మాట్లాడాలంటున్నాడు, రామ్మే" అంది.

ఆయన పడవలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచం దిగలేడు. పిల్లలు లేరు. మంచం నీళ్ల వైపు కిటికీ పక్కనే ఉంది. సరస్సు మీది వెలుగు పైకప్పు మీద కదులుతుంటే దాన్ని చూస్తూ మాట్లాడాడు.

సరస్సులో చేప బాగా పడే చోట్లు కొన్నే. వాటిని ఎవరూ సొంతం చేసుకోకుండా ఇంటికొక వంతుగా తిప్పుకుంటారు. ఆ కట్టుబాటుని అక్కడ పాడు అంటారు. ఏడాదికోసారి హాల్లో అందరూ కూర్చుంటారు. ఊరి పెద్ద ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు, వంతుదారు "ఉండా", అంటే ఉన్నాను, అని పలకాలి. మూడు పిలుపులకీ పలక్కపోతే వంతు పోయినట్టే. వంతుదారు తరఫున ఇంకొకరు వల వెయ్యొచ్చు, వచ్చిన చేపలో భాగం ఇంటికి తెచ్చివ్వొచ్చు. పలకడం మాత్రం ఆయనే పలకాలి. మా కొడవలూరు వైపు కాలవ నీళ్లకి వంతులుంటాయి కాబట్టి, వంతు పోవడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"అది పోతే మేం అడుక్కు తినాల" అంది అవ్వ.

"తిండి సంగతి గాదు" అన్నాడు తాత. "ఈసారి పలకలేదంటే మళ్లేడు నుంచి నా పేరే పిలవరు. నేను బతికుండంగానే నా పేరు పిలవకుండా పోతారు. అది తట్టుకోలేనమ్మే. ఈడ పలికితే ఆడ వినపడేట్టు చెయ్యి."

ఊరి పెద్దని అడిగాను. మంచి మనిషి, మొండి మనిషి. "ఫోను కుదరదు. ఎవుడి గొంతన్నా పెట్టొచ్చు. ఆయన మొగం కనపడాల, ఆయనే పలకాల" అన్నాడు. ఎలాగూ ఆ ఒడ్డున సెల్ సిగ్నల్ గాలివాటంగా వచ్చి పోతుంటుంది. అందుకని హాలు మీది నుంచి తాత ఇంటి కప్పు మీదికి వైర్‌లెస్ కలిపి, మంచానికి ఎదురుగా, రేవులో పెట్టినలాంటిదే, మాట వినే, మాట చెప్పే కెమెరా ఒకటి పెట్టాను. నంబరు ముప్పై. హాల్లో టీవీ మీద ముప్పై నొక్కితే తాత కనపడతాడు, మైకులో పిలిస్తే ఆయనకి వినపడుతుంది.

పరీక్షకని హాల్లో నించి "తాతా" అన్నాను.

"ఉండా" అన్నాడు. పిల్లవాడిలా నవ్వి, "ఇంకోసారి పిలువు" అన్నాడు. పిలిచాను. మళ్లీ పిలవమన్నాడు. ఒక మాట రెండోసారి అడిగితేనే విసుక్కునే దాన్ని, ఆ సాయంత్రం ఆయన చాలన్నదాకా పిలిచాను. టీవీలో ఆయన తల వెనక నీటి వెలుగు ఊగుతూనే ఉంది.

రౌటర్ సంగతులు ఊరి పెద్దకి కూడా నేర్పాను. చీటికీ మాటికీ నన్ను పిలవకుండా ఉంటాడని నా ఆశ.

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు ఆ వైపు పడవలు కదలవు. మగవాళ్లంతా గట్టు మీదే ఉంటారని పాడు సమావేశం ఆ రోజుకే పెట్టుకున్నారు. ఆ సమావేశానికి ఆడవాళ్లు రారు. నేను టీవీకి చుట్టాన్ని కాబట్టి నన్ను రానిచ్చారు. పేర్లు పిలుస్తున్నారు, ఉండా, ఉండా అని పలుకుతున్నారు. ఆ ఉక్కలో, ఆ గొంతుల జోలలో నాకు కునుకు పట్టింది.

తాత వంతు వచ్చింది. ఊరి పెద్ద ముప్పై నొక్కి మైకులో పేరు పిలిచాడు. టీవీలో తాత లేడు. రేవు ఉంది. కట్టేసిన పడవలు నెమ్మదిగా తలలూపుతున్నాయి. గాలి హోరు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"మొదటి పిలుపు" అన్నాడు ఊరి పెద్ద.

మత్తు దిగిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ రేవే. "నంబర్లు ఎవరు మార్చారన్నా?" అన్నాను.

"నేనే మార్చినా. నువ్వే గదా నేర్పించినావు" అన్నాడు గర్వంగా. "ఒక నంబరు ఒకే ఇంటి కింద ఎట్టా ఉంచుతాం? నీళ్లలో చోటే తిప్పుకుంటామే, నంబరు తిప్పమా? నిన్ననే మూడింటికీ వంతులు తిప్పినా."

మంచి చోటు తన ఇంటి కింద ఒక్క ఏడు కూడా ఎక్కువ ఉంచుకోని మనిషి ఆయన. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయ్యింది. "మీ ధర్మం మండిపోను! ముందు ఆగండన్నా, వెతుకుతాను" అని అరిచాను.

"పిలుపు ఆగదమ్మా. మా తాతల నాటి నుంచీ ఆగలేదు" అన్నాడు. రెండోసారి పిలిచాడు.

ఆ పేరు రేవులో స్తంభానికున్న కెమెరాలోంచి, ఖాళీ పడవల మీద ఖణేల్మని వినపడింది. నేను ఫోన్లో రౌటర్ పేజీ తెరుస్తున్నాను. అంతలో టీవీలోకి ఒక మనిషి పరుగెత్తుకొచ్చింది. అవ్వ. ఎండుచేపలు తిప్పుతున్న చేతులు కొంగుకి తుడుచుకుంటూ, మొగుడి పేరు పలికిన స్తంభం వైపు తలెత్తి అరిచింది. "ఉండాడు! ఉండాడయ్యా, ఇంట్లోనే ఉండాడు!"

హాలు గొల్లుమంది. పలికింది కదా, చెల్లుతుందని కొందరు. ఆడమనిషి పలికితే చెల్లదని కొందరు. ఎన్నో గొడవలు చూశాను గానీ, చల్లగా ఉండాలని నేను దీవించిన గొడవ అదొక్కటే. ఆ సందులో నంబరు దొరికింది. తాత ఇప్పుడు ఇరవై.

ఇరవై నొక్కాను.

తాత వచ్చాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. తెల్లచొక్కాకి మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. కెమెరా వైపు చూడడం లేదు. కప్పు మీది వెలుగుని చూస్తున్నాడు.

"ఉండా" అన్నాడు.

కాసేపాగి, "ఉండా" అన్నాడు మళ్లీ. గొంతు బొంగురుపోయి ఉంది. ఆయన దాకా ఏ పిలుపూ రాలేదు. పిలిచినా తనకి వినపడలేదేమోనని భయం. పిలుపు ఎప్పుడు వచ్చినా జవాబు ముందే అక్కడ ఉండాలని, ఎప్పటి నుంచో అలా పలుకుతూనే ఉన్నాడు.

గొడవ ఆగిపోయింది. మూడో పిలుపుకి మైకు ఎత్తిన ఊరి పెద్ద, దాన్ని దించేశాడు.

"పలకతానే ఉండాడు గదరా" అన్నాడు. "ఇంక పిలిచేదేముంది. వంతు ఆయనదే."

అప్పుడే శ్రీహరికోట వైపు నుంచి ఉరుము బయల్దేరింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. చూడ్డానికి ఎవరూ లేవలేదు. టీవీలో బొమ్మ కూడా సన్నగా వణికింది. తాత ఉలిక్కిపడి, దానిక్కూడా "ఉండా!" అన్నాడు.

మైకు నేను తీసుకున్నాను. "వినపడింది తాతా. వంతు నీదే. ఇంక చాలు."

ఆయన తల తిప్పి మా వైపు చూశాడు.

"అయితే నా పేరు పిలిచినారా?" అన్నాడు.

"పిలిచినారు తాతా. రేవంతా వినపడేట్టు పిలిచినారు."