సర్ అనిపించుకున్న రోజు

సిరొంచ బజారులో మిక్సీలు బాగుచేసే అతను ఏళ్లుగా నన్ను మామా అనేవాడు. "ఏందే మామా, మళ్ల ఏం ఇరగ్గొట్టినవ్?" అని తిడుతూనే మిక్సీ లాక్కొని, అక్కడికక్కడే విప్పేవాడు. ఈ మధ్య మిక్సీ కంపెనీవాళ్లు అతన్ని చామోర్షికి పిలిపించి, గిరాకీలను మర్యాదగా ఎలా పిలవాలో మరాఠీలో నేర్పి పంపారట.

మొన్న మిక్సీలో జారును తిప్పే కప్లర్ అరిగిపోయిందని వెళ్తే, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "నమస్కారం సర్. కప్లర్ లేదు సర్. వచ్చే వారం రండి సర్" అన్నాడు. అన్నిసార్లు సర్ అన్న మనిషితో కొట్లాడేదెట్లా? నేనూ హుందాగా తల ఊపి, మిక్సీ చంకలో పెట్టుకున్నాను.

అంతలో జింగనూర్ బస్సు దిగి వచ్చిన ఒక పెద్దావిడ అలాంటి మిక్సీనే బల్లమీద పెట్టింది. "నమస్కారం మేడమ్, కప్లర్..." అని అతను మొదలుపెట్టాడో లేదో కస్సుమంది.

"మేడమ్ ఎవలురా? అత్తా అంటే నీ నోరు అరుగుతదా? మాపటి బస్సుకు పోవాలె, జల్ది జూడు!"

అతను సిగ్గుపడి, "కూసో అత్తా" అన్నాడు. వాళ్లకు చుట్టరికమేమీ లేదు. కానీ వరస పెట్టి పిలిచాక ఆ మనిషికి లేదని చెప్పడం మా వైపు కుదరదు. సర్‌కైతే ఎన్నిసార్లయినా చెప్పవచ్చు. సొరుగు లాగి కప్లర్ తీశాడు.

గుమ్మంలోనే నిలబడిపోయిన నన్ను చూసి మళ్లీ లేచాడు.

"ఒక్కటే ఉండె సర్" అన్నాడు, ఎంతో మర్యాదగా.