సొలిసిటరమ్మకు పంపిన ప్రశ్నలు

పక్కింటివాళ్ళతో మాట్లాడాలన్నా రోడ్డుకు ఆ చివర నిలబడి అరవాల్సిన ఆ కరోనా రోజుల్లో, బుద్ధున్నవాళ్ళు ఇంట్లో రొట్టెలు కాల్చుకుంటుంటే మేము ఐర్లండ్‌లోని నేస్ ఊళ్ళో ఇల్లు కొనడానికి బయలుదేరాం. అద్దె ఇంట్లో ఉన్న ఒక్క బల్ల మీదే నేనూ మా ఆవిడా రెండు కంపెనీల మీటింగులు నడుపుతూ ఒకరి మాటలు ఒకరి మైకులో వినిపించి పరువు పోగొట్టుకుంటున్నాం కనుక, కొనక తప్పదనిపించింది. నాకప్పటికి ఇల్లు కొనడం గురించి ఏమీ తెలియదు. తెలియనివాడు ప్రశ్నలు అడగాలని మాత్రం తెలుసు. లిమరిక్‌లో అప్పటికే ఇల్లు కొని అనుభవజ్ఞుడైన మా అన్నయ్య (వరస కలుపుకున్న అన్నయ్యే, చుట్టం కాదు) ఫోన్లో, "ఒరే, ఇక్కడ కాయితాలన్నీ సొలిసిటరే, అంటే లాయరే చూస్తారు. ఏ డౌటున్నా మీ సొలిసిటరమ్మనే అడుగు, మొహమాటపడకు" అన్నాడు. నేను ఆ మాటను అక్షరాలా పాటించాను. దాని ఫలితం పాపం ఆవిడ అనుభవించింది.

మాకు నచ్చిన ఇల్లు ఒక పెద్దాయనది. భార్య పోయాక ఒంటరిగా ఉంటూ, పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురి దగ్గరికి వెళ్ళిపోదామని అమ్మకానికి పెట్టాడట. అప్పటి నిబంధనల ప్రకారం ఇల్లు చూపించేటప్పుడు యజమాని లోపల ఉండకూడదు. కాబట్టి మేము ఆయన పడకగది చూశాం, వంటింటి అరలు తెరిచి చూశాం, ఆయన చెప్పులు కూడా చూశాం గాని ఆయన్ని చూడలేదు. ఏది అడగాలన్నా నేను మా సొలిసిటరమ్మకు రాయాలి, ఆవిడ పెద్దాయన సొలిసిటర్‌కు రాయాలి, ఆ సొలిసిటర్ పెద్దాయనకు ఫోన్ చేసి అడగాలి. జవాబు మళ్ళీ అదే దారిలో వెనక్కి రావాలి.

మొదటి ప్రశ్న మా అమ్మది. వీడియోలో ఇల్లు చూసి, "పొద్దుటి ఎండ ఎటునుంచి పడుద్దో కనుక్కోరా" అంది. కనుక్కున్నాను. వారం తర్వాత జవాబు వచ్చింది. "ఇది ఐర్లండ్. ఎండ వచ్చిన రోజున ఎటునుంచి వచ్చిందని ఎవరూ అడగరు." సొలిసిటరమ్మ దాన్ని ఉన్నదున్నట్టు పంపి, కింద "క్షమించండి, అమ్మకందారు మాటలు ఇవే" అని ఒక వాక్యం చేర్చింది. తర్వాత సర్వేయరు ఇల్లంతా తట్టి, తడిమి, పైకప్పెక్కి దిగి, ముందు గది సీలింగు మీద ఒక మరక ఉందని రిపోర్టులో రాశాడు. నాకు నిద్ర పట్టలేదు. నీళ్ళు కారుతున్నాయా, ఎన్నాళ్ళ నుంచి, బాగు చేయించారా అని మూడు పేరాలు రాశాను. "అది నీళ్ళు కాదు, షాంపేన్. మా అమ్మాయికి నర్సు ఉద్యోగం వచ్చిన రోజు మా ఆవిడ సీసా తెరవడం చేతకాక పైకి కొట్టింది. రంగు వేయించబుద్ధి కాలేదు" అని వచ్చింది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, "ఇంక దాని జోలికి వెళ్ళకు" అంది.

వెనక కట్టుకున్న అద్దాల గదికి ప్లానింగ్ అనుమతి తీసుకున్నారా అని అడిగితే, "మా ఆవిడ దగ్గర తీసుకున్నాను, అంతకంటే పెద్ద ఆఫీసు నాకు తెలియదు" అన్నాడాయన. ఈసారి సొలిసిటరమ్మ స్వయంగా ఫోన్ చేసింది. "చూడండీ, చట్టం దీన్ని జవాబుగా తీసుకోదు. ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి, అది నేను తెప్పిస్తాను. మీరు మాత్రం దయచేసి కొంచెం..." అని ఆగింది. ఆగిన చోట ఏముందో నాకు అర్థమైంది. అవతల అప్పిచ్చే బ్యాంకు కూడా ప్రశ్నలు వేస్తూనే ఉండేది. కంపెనీ నీ జీతంలో కరోనాకని ఇచ్చే ప్రభుత్వ సాయం కలుపుతోందా, ఉద్యోగం ఇంకా ఉందా, నిజంగానే ఉందా అని. నన్ను బ్యాంకు తినేది, నేను సొలిసిటరమ్మను తినేవాణ్ణి.

చలికాలంలో జవాబులు ఆగిపోయాయి. కాంట్రాక్టు మీద ఇంకా సంతకాలు కాలేదు. నేను గుర్తుచేస్తూ రాశాను, మళ్ళీ రాశాను. చివరికి సొలిసిటరమ్మ ఫోన్ చేసింది. "మీకు మెయిల్లో చెప్పడం ఇష్టం లేక చేస్తున్నాను. ఆయన నిన్న ఆసుపత్రిలో పోయారు. కరోనా." చర్చిలోకి పదిమందినే రానిస్తారనీ, శవవాహనం ఆ ఇంటి మీదుగా వెళ్తుందనీ, వీధివాళ్ళు రోడ్డు పక్కన నిలబడతారనీ చెప్పింది.

"మనం వెళ్దామా?" అన్నాను.

"ఎవరమని వెళ్తాం?" అంది మా ఆవిడ. "ఇల్లు కొనేవాళ్ళమనా? ఆ మాట అనగలవా నువ్వు?"

అనలేను. అయినా వెళ్ళాం. సన్నటి వాన. అందరూ ఎడంఎడంగా, ఎవరి గేటు ముందు వాళ్ళు నిలబడ్డారు. మాకు గేటు లేదు కనుక వరసకు చివర, ఒక గోడ పక్కన నిలబడ్డాం. దగ్గర్లో ఉన్న ఒక ముసలావిడ మాస్కులోంచి అడిగింది, "మీకు ఆయన ఎలా తెలుసమ్మా?"

మా ఆవిడే చెప్పింది, "ప్రశ్నలు అడిగేవాళ్ళం."

"అయ్యో, ఆ ప్రశ్నలవాళ్ళు మీరేనా!" అందావిడ. "మా ఇంటి కంచె దగ్గరికొచ్చి అన్నీ చదివి వినిపించేవాడు. జవాబు చెప్పడానికి రెండు రోజులు ఆలోచించేవాడు. వాళ్ళావిడ పోయాక ఆ మనిషి అంతలా నవ్వడం నేను చూడలేదు."

శవవాహనం వచ్చి ఆ ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి, టోపీ తీసి, ఇంటివైపు తిరిగి తల వంచాడు. వీధి మొత్తం తల వంచింది. వెనక కార్లో వెనకసీటు అద్దానికి నుదురు ఆనించి ఒకామె కనిపించింది. కూతురై ఉండాలి. బండి కదిలిపోయింది.

సంతకాలు కాలేదు కనుక ఆ ఇంటి మీద మాకు ఏ హక్కూ లేదు. వారసత్వం కాయితాలు తేలడానికి నెలలు పడుతుందన్నారు. ఈలోగా బ్యాంకు ఇచ్చిన అనుమతి గడువు తీరిపోయింది. "వేరేది చూసుకోరా, పిచ్చివాడా" అన్నాడు లిమరిక్ అన్నయ్య. చూశాం కూడా, ఏదీ నచ్చలేదు. నేను సొలిసిటరమ్మకు ఒక్క మెయిలూ పెట్టలేదు. బతుకులో మొదటిసారి నాకు అడగడానికి సిగ్గేసింది. ఎండాకాలం మొదట్లో ఆవిడే రాసింది. "ఇల్లు ఇంకా కావాలంటే మీకే ఇస్తానని వాళ్ళ అమ్మాయి అంటోంది." మళ్ళీ బ్యాంకు, మళ్ళీ జీతం రసీదులు, మళ్ళీ నిజంగానే ఉద్యోగం ఉందా అన్న ప్రశ్న.

తాళాలు తీసుకుని మేము లోపల అడుగుపెట్టిన మధ్యాహ్నం, కూతురు గేటు దగ్గరికి వచ్చింది. "ఒక్క నిమిషం లోపలికి రావచ్చా? కుదరదంటే గ్రాండ్, ఏం పర్వాలేదు" అంది, ఇక్కడివాళ్ళ మాటతీరులో. తను పుట్టి పెరిగిన ఇంట్లోకి రావడానికి ఆమె మమ్మల్ని అడగడం విని మా ఆవిడ తలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకుంది. ఆమె ఒక్కతే మేడమీదికి వెళ్ళింది. మేము బయట గడ్డిలో నిలబడ్డాం. చాలాసేపటికి దిగి వచ్చింది. మాస్కు పై అంచు తడిగా ఉంది.

"నాన్న ఉంటే మీరు ఇంకా ఏమేం అడుగుతారో అని ఎదురుచూసేవాడు. బాయిలరు గురించి, చెత్తబండి గురించి, నాకు తెలిసింది నేను చెప్తాను. అడగండి" అంది.

అన్నేసి ప్రశ్నలు రాసిన నాకు ఒక్కటే తోచింది. "మీ నాన్నగారు ఎలా ఉండేవారు?"

ఆమె ఫోన్లో ఒక ఫోటో తెరిచి, ఫోన్‌ని గడ్డి మీద పెట్టి, దూరం జరిగి నిలబడింది. నేను వంగి చూశాను. ఆ జవాబులు చదువుతూ ఇన్నాళ్ళూ నేనొక పొట్టి, బొద్దుమనిషిని ఊహించుకున్నాను. ఫోటోలో ఆయన తాటిచెట్టంత పొడుగు, పెద్ద చెవులు, పొట్టి చేతుల స్వెట్టరు. పక్కనున్న వాళ్ళావిడ ఆయన మోచేతి దాకా కూడా లేదు. "ఇంత పొడుగా!" అన్నాను, తెలుగులోనే. ఆమెకు అర్థం కాకపోయినా నవ్వింది, తర్వాత ఏడ్చింది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయడానికి వీల్లేని రోజులు. మేము ముగ్గురం మూడు మూలల్లో నిలబడి ఉండిపోయాం.

ఇప్పుడు కొత్తగా ఇల్లు కొనే కుర్రాళ్ళు నాకు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, సర్వే చేయించాలా? సొలిసిటర్‌ని ఏం అడగాలి?" అని. సరిహద్దులు అడగమంటాను, అనుమతులు అడగమంటాను, గడువులు చూసుకోమంటాను. ఫోన్ పెట్టేశాక, ల్యాప్‌టాప్ ముందు నుదురు ముడేసుకుని మూడు పేరాల మెయిలు కొడుతున్న అప్పటి నేను గుర్తొస్తాడు. పాపం, ఆ మెయిలు కోసం కంచె దగ్గర ఒకాయన కాచుకుని ఉన్నాడని వాడికేం తెలుసు! తెలిస్తే ఇంకో నాలుగు ప్రశ్నలు రాసి ఉండేవాడు.