లెన్సుకు పెట్టిన బొట్టు

దసరా సెలవుల తర్వాత ఈ రోజే సిద్దిపేటలో మా కాలేజీ ల్యాబ్ తెరిచాం. మైక్రోస్కోప్ ఎంత చిన్న వస్తువును విడిగా చూపగలదో కొలుద్దామని, నీలి వెలుగు పడితే మెరిసే సన్నని పూసలను దాని కింద పెట్టాను. అవి విడివిడి చుక్కల్లా కనిపించాలి. అడ్డంగా చూసినా, లోతుకు చూసినా చుక్కలు లేవు, అంతా ఆకుపచ్చ మసక. లక్షల రూపాయల లెన్సు పాడైందనుకున్నాను. మెత్తటి కాగితంతో తుడిస్తే పసుపు అంటింది!

సెలవులకు ముందు ల్యాబులో ఆయుధ పూజ చేసింది తోటి లెక్చరర్ శ్రీలతే. ఆమెను నిలదీశాను.

"లెన్సుకు గూడ బొట్టు పెట్టినవా?"

"పెట్టకుంటె ఎట్ల? మన ఆయుధం గదే గద!"

నీలి వెలుగులో పసుపు కూడా మెరుస్తుంది మరి. శుభ్రంగా తుడిచాక చుక్కలు దేనికది విడిగా కనిపించాయి. హమ్మయ్య!

లెన్సు బతికింది తన పూజ వల్లేనట. మీరే చెప్పండి, ఈమెతో ఎట్లా వేగేది?